పల్లపు నీటితో ఇంటికి దీపము: ముందు కొలత, తరువాత యంత్రము

“నీరు పల్లమెరుగు” అను సామెత రైతులందరికి తెలిసినదే. ఎత్తు నుండి పల్లమునకు దిగు నీటిలో శక్తి గలదు. ఆ శక్తితోనే నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరు యంత్రములును, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో జూరాల యంత్రములును తిరుగుచున్నవి. జూరాలలో 39 మెగావాట్ల యంత్రములు ఆరు గలవు. సాగరు ఎడమ కాలువ మొదట 30 మెగావాట్ల యంత్రములు రెండు గలవు. పొలములకు పోవు నీరే దారిలో ఈ యంత్రములను త్రిప్పి, తిరిగి కాలువలోనికే చేరును. నీరు ఖర్చు కాదు; అది దిగిన ఎత్తు మాత్రమే ఖర్చగును.

ఇది చూచిన రైతునకు ఒక ప్రశ్న కలుగుట సహజము. “మా పొలము ప్రక్కన వాగు పారుచున్నది. మా చెరువు తూము నుండి నీరు దబదబ పడుచున్నది. మా ఇంటికి కరెంటు తీగ రాలేదు. ఈ నీటితో నాలుగు దీపములు వెలిగించుకొనరాదా?”

వెలిగించుకొనవచ్చును. ఇది క్రొత్త విద్య కాదు. మన దేశమున 1897లోనే డార్జిలింగు వద్ద సిద్రపాంగులో 130 కిలోవాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రము నడిచినది. కర్ణాటకలోని మలెనాడు ప్రాంతమున కొండవాగుల ప్రక్కనున్న తోటల యజమానులు ఒక కిలోవాటు, అంతకు లోపు యంత్రములతో తమ ఇండ్లకు వెలుగు తెచ్చుకొనిరి. అయితే మలెనాడు వేరు, మన మెట్ట వేరు. అచట కొండలు ఎత్తైనవి, వానలు మెండు, వాగులు చాల నెలలు పారును. మన పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఏడాదికి సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. కనుక అచట పనిచేసిన యంత్రము ఇచటను పనిచేయునని నమ్మి డబ్బు పెట్టరాదు. మీ నీటిని మీరే కొలిచి, లెక్క చూచి, ఆ తరువాతనే కొనవలెను. ఆ లెక్క ఎట్లు చేయవలెనో ఇచట వివరింతుము.

ఎవరికి అవసరము?

ఊరిలో ఇంటింటికి తీగ ఉన్నను, పొలముల నడుమ కట్టుకొన్న ఇండ్లు, దూరముగా నున్న కొన్ని గుడిసెలు, గొఱ్ఱెల మందల కొట్టములు, నల్లమల అడవిలోని కొన్ని చెంచు పెంటలు తీగకు దూరముగా ఉండును. ఇట్టి ఇంటివారు ముందుగా దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వారి సెక్షను ఆఫీసులో, తమ ఇంటి వరకు స్తంభములు వేయుటకు ఎంత ఎస్టిమేటు అగునో అడిగి తెలిసికొనవలెను. నాలుగైదు స్తంభములతో తీరు పని అయినచో తీగయే మేలు. అది కానప్పుడే మిగిలిన మార్గములను చూడవలెను.

పంపుసెట్టును త్రిప్పుటకు ఈ పద్ధతి తగదు. రాష్ట్రములో 2018 జనవరి 1న వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. ఇచట చెప్పునది దీపములు, ఫ్యాను, టీవీ, సెల్‌ఫోను వంటి ఇంటి అవసరములను గూర్చి మాత్రమే.

శక్తి లెక్క

రెండు సంగతులు తెలిసిన చాలును. ఒకటి, సెకనుకు ఎన్ని లీటర్ల నీరు వచ్చుచున్నది. రెండవది, ఆ నీరు ఎన్ని మీటర్లు నిట్టనిలువుగా దిగుచున్నది. ఈ దిగు ఎత్తునే ఇంజనీర్లు హెడ్ అందురు. ఈ రెంటిని హెచ్చవేసి, వచ్చిన దానిని 5తో హెచ్చవేసినచో వాట్లు వచ్చును. నీటిలోని పూర్తి శక్తికి 9.81తో హెచ్చవేయవలెను గాని, చిన్న యంత్రములలో దాదాపు సగము శక్తి రాపిడి వలన, వేడి వలన పోవును. అందుచేత 5 అను అంకెను పట్టుకొనుట క్షేమము.

ఉదాహరణ: సెకనుకు 20 లీటర్ల నీరు 5 మీటర్లు దిగిన, 20 × 5 × 5 = 500 వాట్లు.

కాలువ లెక్కకు అలవాటు పడినవారు దీనిని ఇట్లు జ్ఞాపకముంచుకొనవచ్చును. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు 28.3 లీటర్లు. ఒక క్యూసెక్కు నీరు ఒక అడుగు దిగిన సుమారు 43 వాట్లు చేతికి వచ్చును. పది అడుగులు దిగిన 430 వాట్లు.

నీరు తక్కువైనను ఎత్తు ఎక్కువైనచో పని జరుగును. ఎత్తు తక్కువైనచో నీరు విస్తారముగా కావలెను. నల్లమలలోని మల్లెల తీర్థము జలపాతము సుమారు 150 అడుగులు, అనగా 45 మీటర్లు. అంత ఎత్తు నుండి సెకనుకు 3 లీటర్లు పడినను 675 వాట్లగును. అదే శక్తి 3 మీటర్ల తూము వద్ద రావలెనన్నచో సెకనుకు 45 లీటర్లు కావలెను. ఇది లెక్క తెలియుటకు చెప్పినదే గాని, మల్లెల తీర్థమున యంత్రము పెట్టుమని కాదు. అది పెద్దపులుల అభయారణ్యములోని యాత్రాస్థలము. వేసవిలో ఎండిపోవును కూడ.

ఇంటికి ఎంత కావలెను?

చిన్న కుటుంబమునకు ఒక రోజు ఖర్చు ఇట్లుండును:

9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు 5, రోజుకు 5 గంటలు: 225 వాట్-గంటలు
70 వాట్ల ఫ్యాన్లు 2, రోజుకు 10 గంటలు: 1,400 వాట్-గంటలు
60 వాట్ల టీవీ, రోజుకు 4 గంటలు: 240 వాట్-గంటలు
సెల్‌ఫోన్లు 3, 10 వాట్ల చొప్పున 2 గంటలు: 60 వాట్-గంటలు
మొత్తము: 1,925 వాట్-గంటలు

వేయి వాట్-గంటలు ఒక యూనిట్టు గనుక, ఇది రోజుకు దాదాపు 2 యూనిట్లు. ఇందులో మూడు వంతులకు దగ్గరగా ఫ్యాన్లే తినుచున్నవి. వాని బదులు 30 వాట్లతో తిరుగు బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు పెట్టినచో మొత్తము 1,125 వాట్-గంటలకు దిగును. యంత్రమును పెద్దది చేయుటకంటె ఖర్చును చిన్నది చేయుట చౌక.

నీటి యంత్రము రేయింబవళ్ళు తిరుగును. 150 వాట్ల యంత్రము 24 గంటలు తిరిగినచో 3.6 యూనిట్లు. కనుక ఒక ఇంటికి 150 వాట్లు చాలును. సాయంకాలమున బల్బులు, ఫ్యాన్లు, టీవీ అన్నియు ఒకేసారి వేసినప్పుడు 245 వాట్లు కావలసి వచ్చును. ఆ నాలుగు గంటల లోటును ఒక చిన్న బ్యాటరీ తీర్చును. ఇన్వర్టరు నష్టముతో కలిపి ఆ లోటు అర యూనిట్టుకు కొంచెము పైన ఉండును. తెల్లవారులోగా బ్యాటరీ తిరిగి నిండును.

ఆ 150 వాట్లకు కావలసిన నీరు:

3 మీటర్ల ఎత్తున సెకనుకు 10 లీటర్లు
5 మీటర్ల ఎత్తున సెకనుకు 6 లీటర్లు
10 మీటర్ల ఎత్తున సెకనుకు 3 లీటర్లు
20 మీటర్ల ఎత్తున సెకనుకు ఒకటిన్నర లీటరు

ఎత్తును కొలుచుట

కంటితో ఎత్తును అంచనా వేయరాదు. వాలు భూమిలో కన్ను మోసపోవును. మేస్త్రీలు వాడు ట్యూబ్ లెవెల్ చాలును. పదిహేను మీటర్ల తెల్లని ప్లాస్టిక్ గొట్టములో గాలి బుడగలు లేకుండ నీరు నింపవలెను. ఒకరు నీరు పట్టు చోట, మరొకరు దిగువన గొట్టము కొనలను కొలబద్దల ప్రక్కన పట్టుకొని నిలువవలెను. రెండు కొనలలో నీరు ఒకే మట్టమున నిలుచును. రెండు బద్దల మీది అంకెల భేదమే ఆ రెండు చోట్ల ఎత్తుల భేదము. దానిని వ్రాసికొని, పైనున్నవారు దిగువకు వచ్చి, అదే విధముగా యంత్రము పెట్టు చోటు వరకు కొలుచుచు పోవలెను. అన్నిటిని కూడిన మొత్తము ఎత్తు వచ్చును. క్రింది నుండి పైకి మరల ఒకసారి కొలిచి సరిచూచుకొనుట మంచిది.

వానాకాలమున వాగు పొంగినప్పుడు దిగువ నీటి మట్టము పైకి వచ్చును. అప్పుడు ఎత్తు తగ్గుటయే గాక యంత్రము మునుగు భయము గలదు. కనుక వరద గుర్తులను చూచి, ఆ మట్టమునకు పైననే యంత్రమును నిలుపవలెను. తూముల వద్ద చెరువు నిండియున్నప్పటి ఎత్తును గాక, సగము నీరున్నప్పటి ఎత్తును లెక్కలోనికి తీసికొనవలెను.

నీటిని కొలుచుట

నీరు కొద్దిగా ఉన్నచో మట్టితో చిన్న అడ్డుకట్ట వేసి, నీటినంతయు ఒక గొట్టము గుండ 200 లీటర్ల డ్రమ్ములోనికి పట్టవలెను. డ్రమ్ము 40 సెకనులలో నిండినచో సెకనుకు 5 లీటర్లు.

నీరు ఎక్కువగా ఉన్నచో కాలువ తిన్నగా నున్న చోట 10 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతవలెను. వెడల్పును, సగటు లోతును కొలువవలెను. ఒక వేపపుల్లను పై పుల్లకు కొంచెము ఎగువన వదలి, పై పుల్ల నుండి క్రింది పుల్ల వరకు పోవుటకు ఎన్ని సెకనులు పట్టెనో ఐదు సార్లు చూచి సగటు తీయవలెను. వెడల్పు అర మీటరు, లోతు 0.2 మీటరు, కాలము 25 సెకనులు అనుకొందము. వేగము సెకనుకు 0.4 మీటరు. 0.5 × 0.2 × 0.4 = 0.04 ఘనపు మీటరు, అనగా 40 లీటర్లు. అయితే నీటి పైభాగము అడుగుకంటె వేగముగా పారును గనుక 0.8తో హెచ్చవేయవలెను. 32 లీటర్లు వచ్చును. అడుగున రాళ్ళు, గడ్డి ఉన్నచో ఇంకను తగ్గించుకొనవలెను.

మిక్కిలి నమ్మదగినది త్రికోణపు గండి పలక. చెక్కపలకకు గాని రేకునకు గాని పైఅంచున సరిగా 90 డిగ్రీల త్రికోణపు గండి కోసి, కాలువకు అడ్డముగా, ప్రక్కల నుండి నీరు కారకుండ బిగించవలెను. గండి నుండి నీరు స్వేచ్ఛగా క్రిందికి పడవలెను. పలకకు ఒక మీటరు ఎగువన, నిలకడగా నున్న నీటి మట్టము గండి మొనకు ఎన్ని సెంటీమీటర్లు పైన ఉన్నదో చూడవలెను.

5 సెంటీమీటర్లు: సెకనుకు సుమారు ముప్పాతిక లీటరు
10 సెంటీమీటర్లు: సుమారు 4.4 లీటర్లు
15 సెంటీమీటర్లు: సుమారు 12 లీటర్లు
20 సెంటీమీటర్లు: సుమారు 25 లీటర్లు
25 సెంటీమీటర్లు: సుమారు 43 లీటర్లు

ఒకసారి బిగించిన పలక ఏడాది పొడుగున కొలత చెప్పును. పిల్లవాడైనను చూచి నోటుబుక్కులో వ్రాయగలడు.

మన నీరు ఎన్ని నెలలు?

మన లెక్కలో అసలు చిక్కు ఇచటనే గలదు. మన వానలో అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు వరకే కురియును. మన నేల చాల చోట్ల నల్లరాతి, ఎఱ్ఱరాతి పరుపు మీద పలుచని ఎఱ్ఱమన్ను. అది నీటిని ఎక్కువ కాలము దాచుకొనలేదు. పెద్దవాన పడినప్పుడు వాగు రెండు దినములు పొంగి, పదునైదు దినములకు సన్నగిలును. పెద్ద వాగులే సంక్రాంతి నాటికి ఇసుక మేటలుగా కనిపించుట మనము ఎరిగినదే. ఆగస్టులో వాగును చూచి యంత్రము కొన్నవాడు ఫిబ్రవరిలో చీకటిలో కూర్చుండును.

దీనిని అంకెలలో చూడుడు. 150 వాట్ల యంత్రము ఏడాదిలో 120 రోజులు తిరిగినచో వచ్చునది 432 యూనిట్లు. ఒక కిలోవాటు సోలార్ పలకలు మన ప్రాంతమున సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. అనగా 300 వాట్ల సోలార్ పలకయే ఏడాదిలో ఆ 432 యూనిట్లను ఇవ్వగలదు. దానికి గొట్టములు లేవు, చెత్త తీయు పని లేదు, వరద భయము లేదు. కనుక నాలుగు నెలలు మాత్రమే పారు నీటి కొరకు క్రొత్తగా అడ్డుకట్ట, గొట్టములు, యంత్రము అన్నియు పెట్టుట లాభసాటి కాదు. ఎనిమిది నెలలకు తగ్గకుండ నీరున్న చోటనో, ఎత్తు, కట్టడము ముందే సిద్ధముగా నున్న చోటనో ఆలోచింపదగును.

ఎచట ఆలోచింపవచ్చును?

మొదటిది కాలువ డ్రాపులు. సాగరు ఎడమ కాలువ క్రింద మేజర్లు, మైనర్ల మీద నీరు మెట్టుమెట్టుగా దిగు డ్రాపులు గలవు. 10 క్యూసెక్కులు 3 అడుగులు దిగు చోట 1,290 వాట్లు, అనగా నాలుగైదు ఇండ్లకు సరిపడు శక్తి గలదు. ఇట్టి చోట్ల పెద్ద ఎత్తున పని జరిగియే యున్నది. ఖమ్మము జిల్లాలో అదే ఎడమ కాలువ మీది పాలేరు వద్ద 2 మెగావాట్ల మినీ కేంద్రము, ఉత్తర తెలంగాణలో కాకతీయ కాలువ డ్రాపుల మీద పెద్దపల్లి మినీ కేంద్రములు నెలకొల్పబడినవి. అయితే కాలువకు నీరు వంతుల వారీగా వచ్చును. సాగరు నిండని ఏడు రాకనే పోవచ్చును. ఆ సంగతి లెక్కలో చేర్చవలెను.

రెండవది చెరువు తూములు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో అనేక చెరువుల తూములు బాగుపడినవి. పొలములకు నీరు వదలు రోజులలో తూము దిగువన రెండు మూడు మీటర్ల ఎత్తు దొరకవచ్చును. కాని ఒక మాట గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను: దీపము కొరకు చెరువు వదలరాదు. సెకనుకు 10 లీటర్లు అనగా రోజుకు 8,64,000 లీటర్లు. ఆ నీరు దాదాపు 20 ఎకరముల వరికి ఒక రోజు తడి. మీ ఇంటి నాలుగు బల్బులకు ఇరువది ఎకరముల తడిని వాగు పాలు చేయుట ఊరికి ద్రోహము. పంటకు వదలిన నీటితో మాత్రమే, నీరటికి, ఆయకట్టు రైతులకు తెలిపి, దారిలో యంత్రమును త్రిప్పుకొనవచ్చును.

కట్టను త్రవ్వి గొట్టము పెట్టుట ఎన్నడును చేయరాదు. గొట్టము చుట్టును నీరు చెమ్మగిలి, మన్నును కొద్దికొద్దిగా కడిగివేసి, కట్టయే తెగును. కట్టను ముట్టకుండ దాని మీదుగా సైఫన్ గొట్టముతో నీటిని దాటించు పద్ధతి గలదు. సైఫన్ మన జిల్లాకు క్రొత్త కాదు. కొత్తకోట వద్ద 1959లో పూర్తియైన సరళాసాగర్‌లో నీరు నిండగానే తమంతట తామే పారు సైఫన్లను అలుగునకు కట్టిరి. అట్టి పేరుపొందిన సరళాసాగర్ కట్టకే 2019 డిసెంబరు 31న గండి పడినది. మన్నుకట్టను ఎంత జాగ్రత్తగా చూడవలెనో దీనివలన తెలియును.

మూడవది నల్లమల వాగులు. అమ్రాబాదు మిట్ట నుండి కృష్ణ లోయలోనికి దిగు వాగులకు మంచి ఎత్తు గలదు. తక్కువ నీటితోనే పని జరుగును. కొన్ని ఊటలు వాన వెనుక కూడ కొన్ని నెలలు పారును. తీగ రాని పెంటకు వానాకాలపు రాత్రులలో నాలుగు దీపములు వెలుగుట చిన్న సంగతి కాదు. చీకటిలో పాము, తేలు కాటు భయము తగ్గును. అయినను పలకతో ఏడాది పాటు కొలిచిన తరువాతనే ముందునకు పోవలెను.

బోరు నీటితో కరెంటు: మోసపోవద్దు

“బోరు మోటారుతో నీరు తోడి, ఆ నీటితోనే టర్బైను త్రిప్పి, ఆ కరెంటుతోనే మోటారు నడుపవచ్చును, ఒకసారి ఖర్చు పెట్టిన చాలును” అని చెప్పువారు, వీడియోలలో చూపువారు కొందరు గలరు. ఇది జరుగని పని. మోటారు, పంపు కలిసి తీసికొన్న కరెంటులో సుమారు సగము మాత్రమే నీటిని పైకెత్తుటకు పనికివచ్చును. ఆ నీటిని అంత ఎత్తు నుండి మరల పడనిచ్చినను, టర్బైనులో మరల సగము పోవును. పెట్టినది నాలుగు వంతులైన తిరిగి వచ్చునది ఒక వంతు. అందులోను 60 మీటర్ల లోతు నుండి వచ్చిన నీరు నేల మీదికి చేరిన తరువాత మరల 60 మీటర్లు దిగదు. తొట్టిలోనికి ఒకటి రెండు మీటర్లు మాత్రమే దిగును. ఇట్టి యంత్రమునకు బయానా ఇచ్చినవాని రొక్కము పోయినట్లే.

ఏర్పాటు ఎట్లుండవలెను?

నీరు పట్టు చోట ముందుగా ఇనుప చువ్వల జల్లెడ, దాని వెనుక ఇసుక నిలుచు తొట్టి ఉండవలెను. మన వాగులలో ఇసుక, ఆకులు మెండు. ఇసుక యంత్రపు రెక్కలను అరగదీయును. ఆకులు గొట్టమును మూయును. వానాకాలమున దినమునకు ఒకసారి జల్లెడ ఊడ్చుటకు ఇంటిలో ఒకరు ఒప్పుకొననిచో ఈ పని పెట్టుకొనరాదు.

గొట్టము విషయమున పిసినారితనము పనికిరాదు. సెకనుకు 8 లీటర్ల నీరు 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టములో 100 మీటర్లు పోయినచో రాపిడికి సుమారు 0.9 మీటరు ఎత్తు పోవును. అదే నీరు 75 మిల్లీమీటర్ల గొట్టములో పోయినచో 6 మీటర్లకు దగ్గరగా పోవును. ఉన్న ఎత్తు 10 మీటర్లయినచో మొదటి దానిలో 9 మీటర్లు, రెండవ దానిలో 4 మీటర్లు మిగులును. చౌక గొట్టము కొన్నవాడు శక్తిలో సగమునకు మించి పోగొట్టుకొనును.

ఎత్తును బట్టి యంత్రము మారును. 20 మీటర్లకు పైన గిన్నెల చక్రము గల పెల్టన్ తగును. 3 నుండి 20 మీటర్ల వరకు క్రాస్‌ఫ్లో గాని, నీటిని వెనుకకు పంపి త్రిప్పు సెంట్రిఫ్యూగల్ పంపు గాని తగును. పంపును ఇట్లు వాడుటకు తగిన కెపాసిటర్లు, లోడు కంట్రోలరు కావలెను. తెలిసిన మెకానిక్కు లేక చేయరాదు. తూములు, డ్రాపుల వంటి తక్కువ ఎత్తులకు ఫ్యాను వంటి రెక్కలు గల ప్రొపెల్లర్ యంత్రము తగును.

యంత్రము మీద 1,000 వాట్లని వ్రాసియున్నంత మాత్రమున 1,000 వాట్లు రావు. అది వారు చెప్పిన ఎత్తు, నీరు ఉన్నప్పటి మాట. “మా ఎత్తు ఇంత, మా నీరు ఇంత, దీనికి ఎన్ని వాట్లు వచ్చును?” అని అమ్మువారిచేత కాగితము మీద వ్రాయించుకొని, బల్బులు వేసి చూపిన పిమ్మటనే పూర్తి సొమ్ము ఇవ్వవలెను.

తీగ లెక్కయు ముఖ్యమే. 150 వాట్లను 12 వోల్టులతో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 100 మీటర్లు పంపబోయినచో వోల్టేజి దాదాపు అంతయు దారిలోనే పోవును. అదే 48 వోల్టులతో పంపిన నష్టము నూటికి ఆరు మాత్రమే. నాలుగు 12 వోల్టుల చిన్న బ్యాటరీలను వరుసగా కలిపిన 48 వోల్టులగును.

ప్రాణభయము లేకుండుటకు

ఇంటిలో బల్బులన్నియు ఆర్పినప్పుడు భారము లేని యంత్రము మితిమీరిన వేగముతో తిరిగి వోల్టేజి పెరుగును. బల్బులు, బ్యాటరీ చెడును. కనుక మిగులు కరెంటును నీటిలోని హీటరునకు మళ్ళించు కంట్రోలరు తప్పనిసరిగా ఉండవలెను. 230 వోల్టుల ఏర్పాటు అయినచో ఎర్తింగు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. లేకుండ ఇంటికి తీగ లాగరాదు. తిరుగు భాగములకు జాలీ వేయవలెను. ముఖ్యముగా, ఈ కరెంటును డిపార్టుమెంటు తీగకు ఎన్నడును కలుపరాదు. తీగలో కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము పోవును.

అనుమతులు

చెరువు తూము, అలుగు, కాలువ డ్రాపు ప్రభుత్వపు కట్టడములు. వానిని ముట్టుటకు నీటిపారుదల శాఖ డిప్యూటీ ఇంజనీరునకు దరఖాస్తు పెట్టి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. సొంత పట్టా భూమిలో పారు వాగుకైనను దిగువ రైతుల నీటికి అడ్డు రాకూడదు. నీరు అంతయు తిరిగి అదే వాగులో కలియవలెను.

అమ్రాబాదు పెద్దపులుల అభయారణ్యములో అటవీశాఖ అనుమతి లేనిదే ఏ పనియు చేయరాదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టము, గ్రామసభ సిఫారసుతో ఒక హెక్టారునకు లోబడిన అటవీ భూమిని కొన్ని ప్రజావసరములకు వాడుకొనుటకు వీలు కల్పించినది. ఆ జాబితాలో విద్యుత్ తీగలును, సంప్రదాయేతర ఇంధన వనరులును గలవు. పంచాయతీ కార్యదర్శులు గ్రామసభ తీర్మానమును సరిగా వ్రాయించి, మన్ననూరులోని ఐ.టి.డి.ఎ. ద్వారా పంపినచో పెంటవారికి మేలు చేసినవారగుదురు. సోలార్, చిన్న జలవిద్యుత్తు పథకములను గూర్చి రాష్ట్ర పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ వారిని అడిగి తెలిసికొనవచ్చును.

నీరు, ఎండ రెండును

మన ప్రాంతమునకు ఒక సదుపాయము గలదు. వాగు ఎండిన వేసవిలో ఎండ మెండు. మబ్బు పట్టి సోలార్ పలక మందగించు శ్రావణ భాద్రపదములలో వాగు నిండు. కనుక నీరు బాగుగా నున్న చోట ఒకే బ్యాటరీకి సోలార్ పలకను, చిన్న నీటి యంత్రమును కలిపి పెట్టుకొనుట తెలివి. ముందు సోలార్ పెట్టి, కొలతలు అనుకూలముగా వచ్చినచో మరుసటి ఏడు నీటి యంత్రమును చేర్చవచ్చును. కొలతలు అనుకూలింపనిచో నష్టపోయినది ఒక చెక్కపలక మాత్రమే.

ఈ ఏడు చేయవలసినది

మృగశిర కార్తెకు ముందే వాగులో త్రికోణపు గండి పలకను బిగించుడు. వారమునకు ఒకసారి, ఒకే దినమున, నీటి మట్టమును నోటుబుక్కులో వ్రాయుడు. ట్యూబ్ లెవెల్‌తో ఎత్తును రెండుసార్లు కొలువుడు. వరద గుర్తును రాతి మీద గీయుడు. ఏడాది నిండిన తరువాత నోటుబుక్కు తీసి, సెకనుకు మీకు కావలసినన్ని లీటర్లు ఎన్ని వారములు వచ్చినవో లెక్కింపుడు. 35 వారములకు పైన వచ్చినచో ఆ నోటుబుక్కుతో మీ వ్యవసాయ విస్తరణాధికారిని, ఇంజనీరును కలియుడు. అంతకు తక్కువైనచో సోలార్ పలకతో తృప్తి పడుడు. కొలత లేని నీటిని నమ్మి అప్పు చేయవద్దు.